ఇష్టపూర్వకముగా వ్రాయించి ఇచ్చినది

జీవితం మలుపు తిరిగే చోట మనిషికి నిజంగా ఎంపిక ఉంటుందా, ఉండదా అన్నది పండితులకు ఇంకా తెగని తగువు. సబ్బవరం రిజిస్ట్రారాఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చునే నాకు మాత్రం ఆ సందేహం రాకూడదు. వస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు.

నేను డాక్యుమెంటు రైటర్ని. జనం ‘రైటరు గారు’ అంటారు. ఆ పిలుపు విని మా అమ్మాయి స్నేహితురాలొకతె నేను కథలు రాస్తాననుకుంది. ఒక లెక్కన అదీ నిజమే. నేను రాసే ప్రతి దస్తావేజులోనూ ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: ఎవరి బలవంతముగాని ప్రోద్బలముగాని లేక, స్థిరబుద్ధితో, నా ఇష్టపూర్వకముగా వ్రాయించి ఇచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు. పేర్లు మారతాయి, సర్వే నంబర్లు మారతాయి, గజం రేటైతే పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. ఆ వాక్యం మారదు. నాకీ పని నేర్పిన మావయ్య దాన్ని పాళీతో రాసేవాడు. ఆయన తరవాత నేను టైపు కొట్టించాను. ఇప్పుడు కంప్యూటర్లో దానంతటదే వచ్చి కూచుంటుంది. మనిషి స్వేచ్ఛ ఎంత పాతదో అంత రెడీమేడ్.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఉండాలంటే అందులో బలాత్కారం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు మాట, పొరపాటు ఉండకూడదు. ఈ అయిదూ తీసేశాక మా వీధిలో ఏ ఇంటి పెళ్లి చెల్లుతుందో నాకు తెలియదు గానీ, భూమి అమ్మకాలు మాత్రం బ్రహ్మాండంగా చెల్లుతున్నాయి. 

సబ్బవరం రోడ్లు కలిసే ఊరు. ఇటు పెందుర్తి, అటు అనకాపల్లి, ఇంకోవైపు చోడవరం. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు లైన్ల జాతీయ రహదారి ఊరి పక్కనుంచి పోయాక, ఎకరాల్లో మాట్లాడుకునే ఊరు గజాల్లో మాట్లాడుకోవడం మొదలెట్టింది. జీడితోటల్లో రంగు జెండాలు పాతారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినిపించగానే, విశాఖపట్నానికి ఇంత దగ్గర్లో పుట్టడం మా తెలివితేటలేనని మా ఊళ్లో అందరికీ ఒకేసారి తెలిసింది. అప్పుడు నా బల్ల ముందు నిలబడినవాళ్లలో ఇష్టంతో అమ్మినవాళ్లెందరంటే చెప్పలేను. కూతురి పెళ్లికి అమ్మినవాడున్నాడు. అన్నదమ్ములు వాటాల తగువు తెగనివ్వకపోతే అమ్మినవాడున్నాడు. చుట్టూ ఉన్న చేలన్నీ లేఅవుట్లయిపోయి, తన మడికి నీరొచ్చే దారి మూసుకుపోతే అమ్మినవాడూ ఉన్నాడు.

ఓసారి ఓ ముసలాయన్ని లోపలికి తీసుకెళ్లాను. ‘ఇష్టపూర్వకంగానే రాసిచ్చావా?’ అని రిజిస్ట్రారు అడిగారు. ‘ఇట్టవేటి బాబూ, మా గుంట ఆస్పట్ల ఉంది’ అన్నాడు. నేను వెనకనుంచి మోచేత్తో పొడిచి, ‘ఆఁ అను తాతా’ అన్నాను. ‘ఆఁ’ అన్నాడు. వేలిముద్ర పడింది. ఎవరి ప్రోద్బలమూ లేదని రాసినవాణ్ణి నేనే, పొడిచినవాణ్ణీ నేనే.

ఆ రోజు ఇంటికెళ్లి భోజనాల దగ్గర వేదాంతం మొదలెట్టాను. ‘ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. అంతా తలరాత. మనిషి ఎంచుకున్నాననుకుంటాడు గానీ, దారి ముందే గీసి ఉంటుంది’ అన్నాను. మా ఆవిడ నెత్తళ్ల పులుసు వడ్డిస్తూ, ‘సరే, ఇంకో గరిటె వెయ్యనా వద్దా?’ అంది. వెయ్యమన్నాను. ‘చూశారా, ఎంచుకోవడం వచ్చు మీకు’ అంది.

నా వేదాంతానికి ఆధారాలు లేకపోలేదు. నా జీవితాన్నే తీసుకోండి. పదో తరగతి అయ్యాక ఇంటర్లో సీఈసీ తీసుకున్నాను. ఎవరడిగినా కామర్సు మీద మక్కువ అని చెబుతాను. మా అన్నయ్య పుస్తకాలు సీఈసీవి, అటక మీద ఉన్నాయి. ఈ వృత్తిలోకి ఎలా వచ్చారంటే చట్టం మీద ఆసక్తి అంటాను. మావయ్యకి చూపు మందగించింది, నా దస్తూరీ గుండ్రంగా ఉంది. సబ్బవరంలో ఎందుకు స్థిరపడ్డారంటే భవిష్యత్తు ఊహించాను అంటాను. అసలు సంగతి, పుట్టినచోటు నుంచి కదలడానికి నాకు ఎప్పుడూ తీరిక దొరకలేదు.

పెళ్లి సంగతి ఇంకా చిత్రం. రెండు సంబంధాలొచ్చాయి, ఒకటి చోడవరం వైపుది, ఇంకోటి గాజువాక వైపుది. ‘నీ ఇట్టమేటి బాబూ?’ అని మా అమ్మ అడిగింది. ‘నీ ఇష్టమే నా ఇష్టం’ అన్నాను. ఆ మాట విని పెంపకమంటే ఇదీ అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. చోడవరం వాళ్లు ఆషాఢం పోయాక కబురు చేస్తామన్నారు, గాజువాక వాళ్లు ఆదివారమే రమ్మన్నారు. ఆదివారం వెళ్లాం. పళ్లెంలో బూరెలూ జంతికలూ పెట్టారు. నేను బూరె తీసుకున్నాను. ఆ పెళ్లిలో నేను స్వయంగా, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఎంచుకున్నది అదొక్కటే. అయినా పెళ్లయిన కొత్తలో, ‘చూడగానే నువ్వే అనుకున్నాను’ అని మా ఆవిడతో చెప్పాను. ‘నాకు తెలుసు. మీరు బూరె వైపే చూస్తున్నారు’ అంది.

ఇలా ఏళ్ల తరబడి సాధన చేసి ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నాను. మంచి జరిగితే నా నిర్ణయం. చెడు జరిగితే తలరాత. అటూ ఇటూ కాకుండా ఉంటే మా ఆవిడ సలహా. ఈ పద్ధతిలో మనిషికి ఎప్పుడూ నష్టం రాదు.

మా అమ్మాయి ఈ పద్ధతికి స్వీడన్ నుంచి సర్టిఫికెట్ తెచ్చింది. అక్కడ పెట్టర్ యోహాన్సన్, లార్స్ హాల్ అనే పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారట. ఒక్కొక్కరికి రెండేసి ముఖాల ఫొటోలు చూపించి, ఏది బాగుందో ఎంచుకోమన్నారు. తరవాత గారడీవాళ్ల హస్తలాఘవంతో ఎంచుకోని ఫొటోని చేతిలో పెట్టి, ఇదెందుకు నచ్చిందని అడిగారు. చాలామంది మార్పు పసిగట్టనే లేదు. పైగా తాము ఎంచుకోని ముఖం తమకెందుకు నచ్చిందో కారణాలు వివరించారు. నేను పొంగిపోయి, ‘చూశావా! మనిషి ముందు ఎంచుకుని తరవాత కారణం చెప్పడు. చేతికొచ్చినదానికి కారణం కడతాడు. నేను చెప్పేది అదే’ అన్నాను.

‘దీనికి స్వీడన్ దాకా ఎందుకు?’ అంది మా ఆవిడ. కిందటి సంక్రాంతికి అనకాపల్లిలో నేను నీలం చొక్కా ఏరి పక్కన పెట్టానట. నేను బిల్లు కట్టే చోటికి వెళ్లేలోగా ఆవిడ దాన్ని మార్చేసి మెరూన్ రంగుది కట్టించిందట. పండగనాడు ఆ మెరూన్ చొక్కా వేసుకుని, నీలం రంగు తేలిపోతుందనీ, తెలిసినవాడు మెరూనే ఏరుతాడనీ మా బావమరిదికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చానట. ఇచ్చాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. నీలం తేలిపోతుంది.

అయినా నేను తగ్గలేదు. నా దగ్గర ఇంకా పెద్ద సాక్ష్యం ఉంది, సాక్షాత్తూ గెజిట్‌లో ప్రచురించింది. 2022 ఏప్రిల్ 3 రాత్రి విశాఖపట్నం జిల్లావాసిగా పడుకున్న నేను, 4వ తేదీ పొద్దున్న అనకాపల్లి జిల్లావాసిగా నిద్రలేచాను. మంచం జరగలేదు. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మాతో ఒకే అసెంబ్లీ నియోజకవర్గంలో ఉన్న పెందుర్తి విశాఖపట్నం జిల్లాలో ఉండిపోయింది, మేం ఇటొచ్చాం. పెందుర్తిలో ఉండే మా తోడల్లుడు ఆ రోజు నుంచి ‘మా జిల్లాకి ఎప్పుడొస్తారు?’ అని పలకరించడం మొదలెట్టాడు. నా కంప్యూటర్లో జిల్లా పేరు ఉన్న ప్రతి నమూనా మార్చుకోవలసి వచ్చింది. కింద ‘ఇష్టపూర్వకముగా’ అన్నది మాత్రం అలాగే ఉంది. ‘చెప్పు, మన జిల్లా మారుతుంటే మనల్నెవరైనా అడిగారా?’ అన్నాను.

‘అడిగారు. జనవరిలో ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలుంటే నెలరోజుల్లో చెప్పుకోమన్నారు. పేపర్లో చదివి నేనే మీకు చెప్పాను. ఊళ్లో అందరికీ అర్జీలు రాసిపెట్టే మనిషి కదా, మనకీ ఒకటి రాయండి అన్నాను. అంతా ముందే రాసి ఉంటుంది, మన అర్జీకి మారుతుందా అన్నారు.’

అవును, అన్నాను. మారకపోవచ్చు కూడా. కానీ మారదని తెలిసి మానేశానా, బద్ధకించి మానేసి మారదన్నానా అని ఆవిడ అడిగితే, కాస్త ఉలవచారు పొయ్యమన్నాను.

మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పంతులమ్మ. బదిలీల సమయంలో ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టుకుంటుంది. బడుల పేర్లు వరస పెట్టి, దూరాలు లెక్కేసి, బస్సులు కనుక్కుని, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటుంది. చివరికి వరసలో ఎక్కడో అడుగున ఉన్న బడి వస్తుంది. తలరాత అనదు. ‘ఎనిమిదింటి బస్సు ఉందా?’ అంటుంది. ఈ స్వభావం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేను చాలాకాలం ఆలోచించాను. మామగారి నుంచి.

మామగారిది ఉక్కు ఫ్యాక్టరీ కిందికి భూములు పోయిన ఊరు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో రాష్ట్రమంతా ఉద్యమించింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ తరవాత 64 ఊళ్ల భూములు, 20 వేల ఎకరాలకు పైగా సేకరించారు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాంట్లో నోటీసుంది, అభ్యంతరం చెప్పుకునే వీలుంది, పరిహారం ఉంది. రైతు సమ్మతి అన్న గడి లేదు. 2013లో కొత్త చట్టం వచ్చాక ఆ గడి కొంత తెరుచుకుంది: ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 మంది ఒప్పుకోవాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే అదీ అక్కర్లేదు. నా వృత్తి దృష్టితో చూస్తే ఆ పాత చట్టంలో నాకు నచ్చేది ఒకటుంది. అది రైతుచేత ‘ఇష్టపూర్వకముగా’ అని రాయించదు. తీసుకుంటున్నాం అంటుంది, తీసుకుంటుంది. నా దస్తావేజుల కంటే ఆ నోటీసులోనే నిజాయితీ ఎక్కువ.

నిర్వాసిత కుటుంబాలకు ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డుల మీద ఉద్యోగాలు వచ్చినవాళ్లున్నారు, ఈనాటికీ అడుగుతున్నవాళ్లున్నారు. మామగారు గాజువాక పక్క కాలనీలో ఇల్లు కట్టుకుని, చిన్న కిరాణా కొట్టు పెట్టి, ముగ్గురాడపిల్లల్ని చదివించారు. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. మొదట వెలిగింది గోదావరి. నేను అల్లుడిగా వెళ్లిన ప్రతిసారీ ఆయన దూరంగా పొగ చూపించి, ‘మా కందిసేలోనే గోదారుంది అల్లుడుగారూ. నీటి గోదారి కాదు, ఇనప గోదారి’ అనేవారు. అది నిజంగా ఆయన చేనో, పక్కవాళ్లదో ఎవరికీ తెలియదు. ఒకసారి ఆయనకి ఓదార్పుగా ఉంటుందని, ‘అంతా తలరాత మావయ్యా, మన చేతుల్లో ఏముంది’ అన్నాను. ఆయన నావంక ఎగాదిగా చూసి, ‘తలరాతేటి? గవర్మెంటు’ అన్నారు. తరవాత కొట్లోకి చింతపండు బస్తా దింపాలి, ఓ చెయ్యి వెయ్యమన్నారు.

ఇంత వంశచరిత్ర ఉన్న మనిషి ముందు ఆ రాత్రి నెత్తళ్ల పులుసు తింటూ నేను తలరాత అన్నాను. గరిటె కింద పెట్టి ఆవిడ పాఠం చెప్పే గొంతు తీసింది. పాఠం గురజాడ అప్పారావు గారిది. ఆయన పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అది కూడా నా నిర్ణయమేనని చెబుదామనుకుని ఆగాను. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు ముందుమాటలో ఒక లెక్క ఉందట. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయించారు. మొత్తం 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

‘ఏడాది పిల్ల తలరాత అంటే అర్థం ఉంది. కానీ పాపం దానికి మాటలు రావు. మీరు అన్నీ నోటికి అందేవరకూ కూర్చుని తలరాత అంటున్నారు. మా నాన్నని ఎవరూ అడగలేదు. మీ సంబంధం వచ్చినప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు. యూనివర్సిటీలో ఎమ్మే చదువుదామనుకున్నాను. ఆదివారం మీరు బూరె తినేశారు. తరవాత బీఈడీ చేశాను, అమ్మాయిని ఒళ్లో వేసుకుని డీఎస్సీకి చదివాను. నేను ఎప్పుడైనా తలరాత అన్నానా? ఎంచుకునే వీలున్నవాళ్లకే తలరాత గుర్తొస్తుందండీ. లేనివాళ్లకి తరవాతేం చెయ్యాలో చూసుకోవడంతోనే సరిపోతుంది.’

‘మరి నాకున్న ఎంపికలేవీ?’ అని నీరసంగా అడిగాను. ‘మీ అమ్మగారు అడిగారుగా నీ ఇష్టమేమిటని. చోడవరమో గాజువాకో చెప్పొచ్చు. నాకు ఇంకా చదువుకోవాలని ఉందేమోనని నన్నోసారి అడగొచ్చు. ఇల్లు కట్టేటప్పుడు, అమ్మాయిని ఏ బడిలో వెయ్యాలన్నప్పుడు, అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్నప్పుడు, ప్రతిసారీ నేనడిగాను. ప్రతిసారీ ‘నీ ఇష్టం’ అన్నారు. అది నాకు స్వేచ్ఛ ఇవ్వడమనుకుంటున్నారు మీరు. ఇల్లు కారితే ‘నేను ముందే అనుకున్నాను’ అనడానికి అది అడ్వాన్సు.’

ఇది నాకు తగిలింది. మగవాడికి మనసు నొచ్చినప్పుడు తాను బాగా చేయగలిగిన పని చేస్తాడు. నేను దస్తావేజు రాశాను. ఆ రాత్రే కూర్చుని, స్టాంపు కాగితం మాత్రం లేకుండా, మిగతాదంతా శాస్త్రోక్తంగా దాన దస్తావేజు తయారుచేశాను. దాత నేను. గ్రహీత నా ధర్మపత్ని. షెడ్యూలు ఆస్తి: ఇంటికి సంబంధించిన సమస్త నిర్ణయములు. ఇక హద్దులు. ఇక్కడ నాకు నిజంగా జ్ఞానోదయమైంది. మనిషి ఎంపిక కూడా ఇంటిస్థలం లాంటిదే, నాలుగు హద్దులూ పక్కవాళ్లవే ఉంటాయి. తూర్పు: చేతిలో ఉన్న డబ్బు. దక్షిణం: అత్తగారి ఆరోగ్యం. పడమర: నలుగురూ ఏమనుకుంటారన్నది. ఉత్తరం: రిజర్వు, అంటే గవర్నమెంటు ఎప్పుడే రోడ్డు వేస్తుందో తెలియదు గనక. ఈ హద్దుల మధ్య గల యావత్తు స్థలమును దాన వినిమయ విక్రయాది సర్వాధికారములతో, పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించవలసినదిగా, ఎవరి ప్రోద్బలమూ లేక ఇష్టపూర్వకముగా దఖలు పరచడమైనది.

పొద్దున్న కాఫీతో పాటు ఇచ్చాను. ఆవిడ ఎర్రపెన్ను తీసింది. ‘సమస్థ’ అని ఉన్నచోట ఒత్తు కొట్టేసి ‘సమస్త’ చేసింది. పూర్తిగా చదివి, ‘హద్దులు బాగా రాశారు. మరి పుచ్చుకున్నట్టు నా సంతకం ఏదీ?’ అంది.

చిక్కుపడ్డాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్: దాత బతికుండగానే గ్రహీత అంగీకరిస్తేనే దానం చెల్లుతుంది. ఈ సంగతి ఎంతోమంది పార్టీలకు నా బల్ల దగ్గర కూర్చోబెట్టి బోధించాను, అక్కడితో తృప్తి తీరక ఇంటికొచ్చి భోజనాల దగ్గర మళ్లీ బోధించాను. విన్నది ఆవిడొక్కతే. ‘నేనెప్పుడూ పుచ్చుకోలేదు. మీరు వదిలేసి వెళ్లారు, పాడవుతుందని నేను చూసుకున్నాను, అంతే. ఆస్తి ఇప్పటికీ మీ పేరనే ఉంది’ అంది.

నేను వృత్తిధర్మం ప్రకారం ఆలోచించి చూశాను. ఆవిడ వాదనలో లోపం కనబడలేదు. అంటే ఇన్నేళ్లుగా మా ఇంట్లో జరిగిన ప్రతి నిర్ణయానికీ హక్కుదారుణ్ణి నేనే, చాకిరీ ఆవిడది. నీళ్ల మోటారు మార్చిందీ, మా అమ్మ కళ్లకి సరైన సమయంలో ఆపరేషన్ చేయించిందీ, ప్లాటు కాగితాలు చూసి ఇది కొనొద్దని చెప్పిందీ ఆవిడ. ఆ ప్లాటు జాతీయ రహదారి కిందికి పోయాక ‘దూరాలోచన గల మనిషి’ అని చుట్టాల్లో పేరొచ్చింది నాకు. చట్టరీత్యా అనుభవదారుకీ హక్కుదారుకీ తేడా ఉంటుందని రోజూ చెప్పేవాణ్ణి. మా ఇంట్లో అనుభవించింది నేనే, హక్కుదారుణ్ణీ నేనే. కౌలు మాత్రం ఎప్పుడూ కట్టలేదు.

ఇప్పుడు మా అమ్మాయి వంతు వచ్చింది. ఇంట్లో ఇన్ని సెక్షన్లు వినీ వినీ దానికి లా చదవాలనిపించింది. నిజానికి పదో తరగతి అయ్యాకే ఎంపీసీయా, బైపీసీయా అని దాన్ని అడిగాం. పద్దెనిమిదేళ్లు నిండనిదే గజం స్థలం అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. పదిహేనేళ్ల పిల్లని మాత్రం మిగతా బతుకంతా ఏ గ్రూపు కింద రాసిస్తావని తొందరపెడతాం. అది ‘మీ ఇష్టం’ అంది. ఆ రెండు మాటలు విని మా ఆవిడ నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. రంగు నాది, పోలిక నాది, మాట కూడా నాదే వచ్చింది.

ఇంటర్ అయ్యాక క్లాట్ రాసింది. ర్యాంకు మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు. ఏ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ముందు, ఏది తరవాత అని వరస పెట్టి ఇవ్వాలి. 2008లో నెలకొల్పిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మా సబ్బవరంలోనే ఉంది. బయటి రాష్ట్రాల నుంచి పిల్లలు పెట్టెలు మోసుకుంటూ మా జంక్షన్లో దిగుతారు. మా ఇంటి నుంచైతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. అదే దానికి బాధ. ఊరు దాటి, హాస్టల్లో ఉండి చదవాలని ఉంది. పైకి చెప్పలేదు. లిస్టు కంప్యూటర్లో తెరిచి పెట్టి, ఒక పేరు పైకి జరుపుతూ, మళ్లీ కిందికి దించుతూ కూర్చుంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, ‘ఈసారి నేనేం చెప్పను. మీ ఆస్తి, మీరే చూసుకోండి’ అంది.

నోటి చివరిదాకా వచ్చింది, ‘నీ ఇష్టం తల్లీ’ అని. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట! చదువు బాగుంటే నేను స్వేచ్ఛ ఇచ్చినట్టు. బాగోకపోతే దాని ఇష్టం. కానీ అలా అంటే అది మళ్లీ ‘మీ ఇష్టం’ అంటుంది, ఇద్దరం ఒకరి ఇష్టాన్ని ఒకరికి దానం చేసుకుంటూ కూర్చుంటాం, పుచ్చుకునేవాళ్లుండరు, గడువు అర్ధరాత్రితో దాటిపోతుంది. హద్దులు నాలుగూ చూసుకున్నాను. తూర్పున డబ్బు ఉంది, కొంచెమే. పడమట నలుగురు ఏమైనా అంటారు, ఎటూ అంటారు. ‘దూరం వెళ్లమ్మా’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ‘నీకు వెళ్లాలని ఉంది. నాకు పంపాలని లేదు. పంపడమే మంచిదని నా అభిప్రాయం. బయటిది పైన పెట్టు. హాస్టలూ, ఫీజూ, ఖర్చంతా నేను చూసుకుంటాను. తరవాత ఎవరైనా అడిగితే నాన్న చెప్పాడని చెప్పు.’

ఇంత పెద్ద నిర్ణయం సొంతంగా చేసినందుకు ఇల్లంతా నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. అమ్మాయి మాత్రం తల కూడా తిప్పకుండా, ‘ఖర్చు సంగతి అమ్మ కిందటి వారమే చూసింది నాన్నా, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోను కాగితాలు కూడా తెచ్చింది. నువ్వేమంటావో చూద్దామని ఆగాం’ అంది. బల్ల కింద నుంచి ఫైలు తీసి నా ముందు పెట్టింది. ‘ఇక్కడ గార్డియన్, ఇక్కడ సాక్షి. రెండుచోట్లా పెట్టెయ్.’

‘ఒకే మనిషి రెండుచోట్లా పెట్టకూడదమ్మా, చెల్లదు’ అన్నాను. వృత్తిరీత్యా నాకు తెలిసిన ఏకైక సత్యం అది. ‘అయితే గార్డియన్‌గా నేను పెడతాను, మీరు సాక్షి’ అంది మా ఆవిడ, పెన్ను అందుకుంటూ. సాక్షికి దస్తావేజులో ఏముందో తెలియనక్కర్లేదు, సంతకం పెడుతుంటే చూస్తే చాలునని చట్టం. చూశాను, పెట్టాను. రిజిస్ట్రారాఫీసు దగ్గరైతే సాక్షికి టీ ఇప్పించడం రివాజు. ఇక్కడ కూడా ఆ రివాజు ఉందా అని అడిగితే, ‘ఉంది. పెట్టుకోండి, మాకూ రెండు కప్పులు’ అంది. పంచదారెంత అంటే, మీ ఇష్టం అంది.